ఈస్టవ్వ గోడ దాటలేని ఎనిమిదిమంది

చక్కెరను కొరికి విడదీసే ఎంజైములని బుల్లి పనివాళ్లున్నారు. ఒకప్పుడు వాళ్లు ఎవరికి వారే తిరిగేవాళ్లు. జంటలు లేవు, జట్లు లేవు.

ఓ చెరకు రసం కుండలో, ఆ రసాన్ని పులియబెట్టే ఈస్టవ్వ ఉండేది. కంటికి ఆననంత చిన్నది. ఆవిడ ఇంటికి బయట చిల్లుల గోడ, లోపల ఇరుకు తలుపు. ఆ రెంటి మధ్య వసారాలోనే ఎంజైముల పని. చక్కెర ఎక్కువగా రెండేసి ముక్కలు కావలించుకుని వస్తుంది, అప్పుడప్పుడు పొడుగాటి గొలుసులుగానూ వస్తుంది. ఆ జోడు తలుపులో పట్టదు. ఎంజైములు కటుక్కున కొరికి విడదీస్తే ఒక్కో ముక్కా లోపలికి వెళ్లేది. అవ్వ తిని బుడగలు వదిలేది.

ఆ పనివాళ్లలో తుర్రుగాడు ఉత్త కోతి. పని మధ్యలో గోడ చిల్లులోంచి తుర్రుమనేవాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లూ అంతే. బయట రసంలో ఈదుతూ కనబడ్డ చక్కెరనల్లా కొరికేవాళ్లు. ఆ ముక్కల్ని ఇరుగుపొరుగు సూక్ష్మజీవులు లొట్టలేసుకుంటూ తినేవి. నీ అంతవాడు లేడని తుర్రుగాణ్ణి పొగిడేవి. వాడు ఉబ్బిపోయేవాడు.

ఒకరోజు వాడు తిరిగొచ్చేసరికి అవ్వ ముడుచుకుపోయి ఉంది. ఒక్క బుడగా లేదు.

"నువ్వు కొరికిందంతా ఊరు తిన్నదిరా," అంది అవ్వ మెల్లగా. "నేను పోతే మిమ్మల్ని పుట్టించేదెవరు?"

తుర్రుగాడికి భయమేసింది. ఇక గోడ దాటనని ఒట్టేశాడు. కానీ చిల్లు కనబడితే ఒళ్లు ఊరుకోదే! కాసేపటికే సగం బయటికి జారి, సిగ్గుపడి వెనక్కొచ్చాడు.

అప్పుడు బండగాడనే నేస్తాన్ని పిలిచి, తనను వదలకుండా పట్టుకోమన్నాడు. ఇద్దరూ భుజం భుజం కలిపి అతుక్కున్నారు. తీరా చిల్లు దగ్గరికి వెళ్లేసరికి ఇద్దరూ కలిసే తుర్రుమన్నారు. బండగాడికి అది భలే నచ్చింది. ఇంకోసారి వెళ్దామన్నాడు.

తుర్రుగాడు వాణ్ణి లోపలికి ఈడ్చుకొచ్చి, మరో ఇద్దర్ని జంటగా అతికించి పిలిచాడు. ఆ తర్వాత ఇంకో రెండు జంటల్ని. నాలుగు జంటలూ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. ఎవరి మోచెయ్యి ఎవరి కడుపులో పొడుస్తోందో తెలియని గొడవ. పక్కవాడి భుజం నోటికి అడ్డమొచ్చి, పొడుగాటి చక్కెర గొలుసులు ఇక నోట్లో పట్టడం మానేశాయి. పొట్టివే పట్టాయి.

"అవ్వకి అవి చాల్లే," అన్నాడు తుర్రుగాడు.

పాత అలవాటుకొద్దీ ఎనిమిదిమందీ చిల్లు మీద పడి తోశారు. పట్టలేదు. పక్కకి తిరిగి తోశారు. ఊహూ. బండగాడు ఇదంతా నీ వల్లేనని సణిగాడు. ఆ తోపులాటలోనే ఓ చక్కెర జోడు వచ్చింది. తుర్రుగాడు కటుక్కున కొరికాడు. రెండు ముక్కలూ తిన్నగా అవ్వ తలుపులోకి వెళ్లాయి. ఇంకాసేపటికి కుండలోంచి బుడుంగుమని ఓ బుడగ లేచింది.

ఈస్టులో చక్కెర కొరికే ఎంజైములు జంటలు జంటలుగా ఎనిమిది కలిసి, గోడ లోపలే ఉండిపోవడం అప్పటినుంచే మొదలైంది. శాస్త్రవేత్తలు వాటిని పోగుచేసి, పటికబెల్లంలా స్ఫటికాలు కట్టించి, ఎక్స్‌రేలు పంపి చూశారు. అక్కడ కూడా ఒకరి భుజం ఒకరు వదల్లేదు.