పల్లకీ కింద ఇంగ్లీషు మాట

ఒకానొక సంస్థానంలో నరహరి భూపతి అనే రాజావారుండేవారు. కొత్త మాట చెవిన పడితే చాలు, దాని అర్థం తెలిసేదాకా ఆయనకు తోచేది కాదు. తెలియకపోయినా వాడకుండా ఉండేవారు కారు.

ఒకసారి కలెక్టరు దొర ఇంగ్లీషులో జాబు రాశాడు. తాను ఎల్లుండి ఏటి రేవులో పడవ దిగుతానని, రైతులను అక్కడ 'అసెంబుల్' చేయించమని దాని సారాంశం.

"అసెంబులా! ఏమిటయ్యా ఆ మాట?" అన్నారు రాజావారు ఉబలాటంగా.

దొరల భాషను తెలుగులో చెప్పే ద్విభాషి కామయ్య పంతులు శాలువా సర్దుకున్నాడు. "గుంపు కూడడం ప్రభూ. ఏలినవారి సెలవు లేనిదే నలుగురు అసెంబుల్ కాకూడదు. దొరల పద్ధతి అదే."

ఇంకేం, ఆ పూటే దండోరా పడింది. రేవుకు వచ్చే రైతులు తప్ప, సెలవు లేకుండా నలుగురు కూడితే కొరడా దెబ్బలు. రాజావారు మాత్రం "చెప్పులు అసెంబుల్ చెయ్యండి", "పెరుగు ఇంకా అసెంబుల్ కాలేదేం?" అంటూ మురిసిపోయారు.

చిక్కొచ్చిపడింది సింగన్నకు. రాజావారి పల్లకీ మోసే ఎనిమిది మంది బోయీలకూ అతడే పెద్ద. ఇంటి పాత కప్పు ముందురోజే దించేశాడు. కొత్త తాటాకు కప్పాలంటే పది మంది కావాలి. లోపల భార్య పచ్చి బాలింత, పైన కారుమబ్బు. సెలవిప్పించమని పంతులును బతిమాలితే, "పల్లకీ మోసేవాడికి ఇంగ్లీషు సంగతులెందుకురా?" అని కసిరాడు. పాపం, సింగన్నకు కళ్లనీళ్లు తిరిగాయి.

దొర వచ్చే రోజు రానే వచ్చింది. రాజావారు జరీ తలపాగాతో పల్లకీలో కూర్చున్నారు. సింగన్న ఒక్కడే వచ్చి ముందువైపు ఎత్తాడు. రాజావారు వెనక్కి జారారు. అతడు దించి వెళ్లిపోగానే ఇంకొకడు వచ్చి వెనకవైపు ఎత్తాడు. ఈసారి రాజావారు ముందుకు జారారు. తలపాగా దొర్లుకుంటూ పోయి పంతులు కాళ్ల దగ్గర పడింది.

"ఒరేయ్ సింగా! ఏమిట్రా ఈ ఆట?"

"ఆట కాదు బాబయ్యా! నలుగురం కూడితే దెబ్బలన్నారు. అందుకే ఒక్కొక్కరమే వచ్చి మోస్తన్నాం."

"మీ ఎనిమిది మందికీ సెలవిచ్చాను. అసెంబుల్ కండి!"

ఎనిమిది మందీ వచ్చారు. వచ్చి పల్లకీ చుట్టూ చతికిలబడ్డారు.

"మోయరేం?"

"గుంపు కూడడమే అన్నారు గదా పంతులుగారు. మోయడం సెప్పనేదు బాబయ్యా."

కోపం ఎటు పోయిందో గానీ, రాజావారిలో ఆ పాత ఉబలాటమే మళ్లీ తలెత్తింది. "అయితే ఆ మాటకు అర్థమేమిట్రా?"

"నాకు ఇంగిలీసు రాదు. ఇదేనేమో సూడండి."

సింగన్న సైగ చేశాడు. ఎనిమిది భుజాలు ఒక్కసారే వంగాయి, ఒక్కసారే లేచాయి. అందరిదీ ఒకటే అడుగు. రేవు దాకా రాజావారు ఒక్క కుదుపు ఎరగరు.

రేవులో దొరను ఆయన అడిగిన మొదటి సంగతి 'అసెంబుల్' అర్థమే. దొర వచ్చీరాని తెలుగులో, "గుంపు సంతలో ఉండును. ఇది ఒక పనికై కలిసి వచ్చుట" అన్నాడు.

రాజావారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. దండోరా రద్దు చేసి, చేతి కడియం తీసి సింగన్నకిచ్చారు. "ఇంకేం కావాలిరా?"

"పది మంది కావాలి బాబయ్యా. వాన రాకముందే."

"మీరు ఎనిమిది మంది ఉన్నారుగా. తొమ్మిదోవాడు నా వంటవాడు. పదోవాడు..." అంటూ రాజావారు పంతులు వైపు చూశారు.

ఆ సాయంత్రం వాన దంచికొట్టింది. కొత్త కప్పు కింద ఒక్క చుక్క పడలేదు. తాటాకులు అందించి చేతులు గీసుకుపోయిన పంతులు, బోయీల మధ్య కూర్చుని వేడి గంజి తాగుతున్నాడు. ఆయన శాలువాలో సింగన్న బిడ్డ హాయిగా నిద్రపోతోంది.