పడుకున్న తల్లి పాకలమ్మ

పాకలమ్మ గుట్ట మీద అమ్మవారు నిలబడి ఉండదు, కూర్చుని ఉండదు. బిడ్డను పొట్టకు అదుముకుని పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంటుంది. గుడికి గోపురం లేదు, గంట లేదు. బోదగడ్డి కప్పిన పాకే గర్భాలయం. లోపలికి వెళ్ళి మోకరిల్లి వంగితే తప్ప అమ్మ ముఖం కనబడదు. ఎంత పెద్దమనిషి వచ్చినా వంగవలసిందే. ఇతర క్షేత్రాలలో స్థల పురాణం ఊరి గొప్ప చెబుతుంది. మాది మా సిగ్గు చెబుతుంది. దాచుకుందామంటే అమ్మ ఒప్పుకోలేదు కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ గుట్ట కింద ఐలయ్య అనే గొల్ల కాపరి ఉండేవాడు. మందను కన్నబిడ్డల్లా చూసుకుంటాడని చుట్టుపక్కల పేరు. గొర్రె ఈనిందంటే దానిని మందతో తోలేవాడు కాదు. గుట్ట వాలులో గాలి తగలని చోట వేరే పాక వేసి, ఎండుగడ్డి పరిచి, తెల్లవారగానే తౌడు, బెల్లం కలిపిన గోరువెచ్చని నీళ్ళు తానే మోసుకెళ్ళి తాగించేవాడు. "ఈనిన జీవానిది పచ్చి ఒళ్లు. కదిలియ్యొద్దు" అని తోటి కాపరులకు బుద్ధి చెప్పేవాడు. అందరూ మెచ్చుకునేవారు.

ఆయన భార్య లచ్చవ్వకు తొలి కాన్పు ఇంట్లోనే అయింది. తల్లిగారింటికి పంపితే ఇంటి పని ఎవరు చేస్తారని ఐలయ్య ఆమెను పంపలేదు. పురుడు వెళ్ళకముందే ఆమె కడవ ఎత్తుకుంది, జొన్నలు విసిరింది. పురుడు వెళ్ళిననాడు ఊరంతా వచ్చి కొడుకును ఎత్తుకుని, తండ్రి పోలికా తాత పోలికా అని వాదులాడుకుని, ఆమె కాచిన అంబలి తాగి వెళ్ళారు. ఆమె ముఖం వంక చూసినవారు ఒక్కరు లేరు. నడుము నిలవడం లేదని ఆమె అంటే ఐలయ్య, "అందరు కనలేదా? నువ్వొక్కదానివే కన్నవా?" అన్నాడు. ఆ మాట ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నదే.

మరునాడు పొద్దున లేచేసరికి పొయ్యి రాజలేదు. భార్య లేదు, బిడ్డ లేడు. అలిగి పోయి ఉంటుంది, ముందు జీవాల సంగతి చూద్దామనుకుని బెల్లం నీళ్ళ కడవ ఎత్తుకుని ఐలయ్య గుట్ట ఎక్కాడు. పాకలో ఈనిన గొర్రెల నడుమ, ఎండుగడ్డి మీద, బిడ్డను పొదువుకుని లచ్చవ్వ పడుకుని ఉంది. ఆమె ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది.

"ఏందే, ఇంట్ల మంచం లేదా? ఈడ పండినవేంది?" అన్నాడు.

ఆమె కళ్ళు తెరిచి ఆయన చేతిలోని కడవను చూసింది.

"ఈడైతే నీళ్లు దెస్తవ్ గదా," అంది.

అంత సిగ్గు ఐలయ్య పుట్టి ఎరగడు. ఆమె తల ఎత్తి పట్టి ఆ నీళ్ళు తాగించాడు. పరుగున వెళ్ళి మంత్రసాని ఎల్లవ్వను పిలుచుకువచ్చాడు. ఆమె లచ్చవ్వ ఒళ్ళు ముట్టి చూసి, "గొర్రెకున్న భాగ్యం ఆలికి లేకపాయె. ఈ పిల్ల బతుకుతదో లేదో నేను చెప్పలేనయ్యా. లేచిందాక పొయ్యి నీది, కడవ నీది," అంది.

ఐలయ్య ఆ పాక దగ్గరే పొయ్యి పెట్టాడు. జావ కాచాడు, శొంఠి నూరాడు, బిడ్డ గుడ్డలు ఉతికాడు. చూడవచ్చిన మగవాళ్ళు మొదట పకపకా నవ్వారు. భార్య తనతో అన్న మాట ఆయన తల దించుకుని చెప్పాడు. నవ్వు ఆగిపోయింది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక ఇళ్ళకు దిగిపోయారు.

లచ్చవ్వ బతికింది. ఆమె కోలుకుని ఇల్లు చేరాక పాకలో గడ్డి ఎత్తితే కింద ఈ విగ్రహం కనబడింది. ఊరివారు సంబరపడి, దేవతను పడుకోబెట్టి పూజిస్తారా అని నిలబెట్టారు. మరునాటికి అమ్మ పడుకునే ఉంది. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ ఒరిగింది. ఆ తరువాత అమ్మ ఐలయ్యకు కలలో కనబడి ఒకే మాట అడిగింది.

"నన్ను గూడ లేపుతున్నరా?"

నాటి నుండి అమ్మను ఎవరూ కదిలించలేదు.

నేటికీ ఇక్కడికి బాలింత రాకూడదు, ఆమె ఇంట్లో పడుకోవాలి. భర్తే బెల్లం కలిపిన వేడినీళ్ళ కడవతో రావాలి. ఐలయ్య వంశంవారే పూజారులు. వారు అడిగేది ఒక్కటే, "ఇంట్ల ఎట్లున్నది?" అని. కొడుకు పుట్టాడనో, బిడ్డ తెల్లగా ఉందనో మొదలుపెడితే, "ఇంటికి పోయి, ఆమెను చూసి రా," అని తిప్పి పంపుతారు. అప్పుడే లేచి పనులన్నీ చేసుకుంటున్నదని గొప్పగా చెప్పినవారికి ప్రసాదం కూడా ఇవ్వరు. జ్వరమున్నదంటే, "ఈడికెందుకొచ్చినవ్? దవాఖానకు తీస్కపో," అని కసురుతారు. ఈ గుట్ట ఎక్కినవారిలో చాలామంది రెండుసార్లు ఎక్కినవారే.

ఆ నీళ్ళతో అభిషేకం చేయరు. అమ్మకు చూపించి ఇంటికి తీసుకువెళ్ళి, పడుకున్న ఆమెకు స్వయంగా తాగించాలి. అలా తాగించిన ఇంట తల్లికి నడుము బలం, బిడ్డకు పాలు సమృద్ధిగా ఉంటాయని భక్తుల నమ్మకం. దారిలో కడవతో దిగుతున్నవారు పలకరించినా ఆగకపోతే తప్పు పట్టకండి. నీళ్ళు చల్లారిపోతాయి.