పొడి కట్టెలు

పంతులమ్మ సావీకి ప్రశ్న అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే "పద, పడవెక్కు" అనేది. కంబోడియాలోని ఆ పెద్ద సరస్సు ఒడ్డున ఆమె దగ్గర ఊరి తగవులు తీర్చే పని నేర్చుకున్న వాళ్ళందరికీ ముందుగా అలవడింది తెడ్డు వేయడమేనని నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

ఆ ఏడు పట్నం నుంచి పిసెయ్ అనే అమ్మాయి ఆమె దగ్గరికి వచ్చింది. చురుకైన పిల్ల. ఒడ్డున స్తంభాల ఇళ్ళలో ఉండే ఖ్మేర్ వాళ్ళకూ, నీటి మీద తేలే ఇళ్ళలో ఉండే చామ్ ముస్లిములకూ మధ్య తగవులు తీర్చాలని, మనిషికుండే హక్కులేమిటో ఇద్దరికీ చెప్పాలని ఆమె తపన. వచ్చిన నెలలోనే సమావేశం పెట్టింది. అందరూ కలిసి తినాలని పెద్ద డేగిసా అద్దెకు తెచ్చి, కోడిపులుసు వండించి, తనే వడ్డించింది.

చామ్ వాళ్ళు చెయ్యి పెట్టలేదు. ఆ డేగిసాలో అంతకుముందు పెళ్ళికి పంది మాంసం వండారన్న సంగతి పిసెయ్‌కి తప్ప అందరికీ తెలుసు. "మా చేతి అన్నం వీళ్ళకు మురికి కాబోలు" అని ఖ్మేర్ వాళ్ళు ఆ సంగతి తెలిసీ మూతులు ముడుచుకుని లేచిపోయారు. మర్నాడే సారున్ అనే ఖ్మేర్ పెద్దమనిషి వల తెగి దొరికింది. సారున్ ఆ వైపు నుంచి వస్తున్న చామ్ కుర్రవాడు మాత్‌లీ పడవను లాక్కొచ్చి, తన ఇంటి స్తంభానికి గొలుసు వేసి కట్టేశాడు.

చేపలు సరస్సు వదిలి నదికి దిగే రోజులవి. ఆ కొద్ది రోజుల వేటే ఏడాది తిండి. పడవ లేని ఇంట్లో పొయ్యి వెలగదు. పిసెయ్ పరుగున వెళ్ళి, విచారణ లేకుండా ఒకరి జీవనాధారం పట్టుకెళ్ళే హక్కు ఎవరికీ లేదని సారున్‌కి చెప్పింది.

"మరి నా వలకి హక్కుల్లేవా తల్లీ?" అన్నాడతను. వింటున్నవాళ్ళు నవ్వారు.

ఆ మధ్యాహ్నం పిసెయ్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి అడిగింది. "పంతులమ్మగారూ, ఒక్క కుండలోది తినలేని వాళ్ళని ఒక్కచోట కూర్చోబెట్టడం ఎలా?"

"పద, పడవెక్కు" అంది పంతులమ్మ. పిసెయ్ హక్కుల గురించి చెప్పే బొమ్మల అట్టలు చంకన పెట్టుకోబోతే, "అవి ఇంట్లో ఉండనీ, తడుస్తాయి" అంది.

మూడు రోజులుగా ముసురు. మాత్‌లీ నాయనమ్మ రోఫియా తేలే ఇంటి గుమ్మంలో కూర్చుని చల్లన్నం పిసుకుతోంది. కట్టెలన్నీ తడిసి పొగ తప్ప మంట రావడం లేదు. పక్కన బుట్టలో చేపలు అలాగే ఉన్నాయి.

"సారున్ ఇంట్లో పొడి కట్టెలున్నాయి అవ్వా. కుండ తీసుకుని రా" అంది పంతులమ్మ.

"నా మనవడి పడవ కట్టేసినవాడి పొయ్యి మీదా?"

"పొయ్యి వాడిదే. కుండ నీది కదా."

అవ్వ చెయ్యి కడుక్కుని లేచింది. తర్వాత కుండ, గరిటె, చేపల బుట్ట ఒక్కొక్కటే పడవలోకి అందించింది.

సారున్ ఇంటి మెట్ల దగ్గర గొలుసు వేసిన పడవ పక్కనుంచే ఎక్కవలసి వచ్చింది. అవ్వ దాని అంచును ఒకసారి చేత్తో తడిమి పైకి ఎక్కింది. సారున్ వరండాలో వల ముందేసుకుని ఉన్నాడు. తల ఎత్తలేదు. అతని భార్య థావీ పొయ్యి మీద పంది మాంసం ఉడుకుతోంది.

"నిప్పు కావాలమ్మా" అంది రోఫియా.

థావీ రెండో పొయ్యి కడిగి ముందుకు జరిపింది. కట్టెలు పేర్చింది. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ఉడుకుతున్న తన కుండను దించి, పులుసు చుక్క కూడా చిట్లి రోఫియా కుండలో పడనంత దూరం, వరండా ఆ చివరికి మోసుకుపోయి పెట్టుకుంది. పిసెయ్ గుడ్లప్పగించి చూసింది.

చేపలు ఉడికే వాసన లేచింది. కాసేపటికి రోఫియా, పొయ్యితో మాట్లాడుతున్నట్టుగా అంది. "మా మాత్‌లీని ఎవరూ అడగలేదు. వల కోశావా అని ఒక్కరూ అడగలేదు."

సారున్ చేతులు ఆగాయి. "సరే, అడుగుతున్నా. కోశాడా?"

"కోశాడు."

పిసెయ్ కంగారుగా పంతులమ్మ వైపు చూసింది. రోఫియా ఆగలేదు.

"గాలివానలో వాడి ఇంజను పంకాకి నీ వల చుట్టుకుంది. పడవ తిరగబడబోతే కోశాడు. అది చెప్పడానికే నీ ఇంటికి వస్తుంటే మీరంతా మీద పడ్డారు."

సారున్ తెగిన చోటును వేళ్ళతో విప్పి, మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. ఆకుపచ్చ పోగుల్లో నల్లటి ఇంజను నూనె మరక ఉంది. ఇంతవరకూ కోపంలో దాన్ని బురద అనుకున్నాడు.

"అయితే వచ్చి కుట్టమను" అన్నాడు చివరికి. "శిక్ష అని కాదు. వాడి చేతి ముడి గట్టిది."

"ఎలా వస్తాడు నాయనా? ఈదుకుంటూనా?"

ముందు నవ్వింది థావీ, ఆ చివరి పొయ్యి దగ్గర్నుంచి. సారున్ నవ్వలేదు గానీ, మొలకు కట్టుకున్న తాళంచెవి విప్పాడు. "కట్టెలు కూడా కొన్ని పడవలో వెయ్యి" అన్నాడు భార్యతో, ఎటో చూస్తూ.

తిరుగు దారిలో పంతులమ్మ పడవ వెనక తాడుకు మాత్‌లీ పడవ తేలుతూ వచ్చింది. అందులో వేడి కుండను రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని రోఫియా కూర్చుంది. పిసెయ్ తెడ్డు వేస్తూ అడిగింది. "ఈసారి సమావేశానికి ఏం వండించమంటారు పంతులమ్మగారూ?"

"ఎవరి కుండ వాళ్ళనే తెచ్చుకోనీ అమ్మా. నువ్వు కట్టెలు తడవకుండా చూడు."