మూడు వందల అడుగులకు చాలిన ఎద్దు

అనగా అనగా, నేల మీద ఇన్ని దారులు పడకముందు, మనుషులు నీటి పోటును చూసి పొద్దు ఎంతైందో చెప్పుకునే రోజుల్లో, ఒక నది సముద్రంలో కలిసే చోట మొగలిలంక అనే ఊరు ఉండేది. చుట్టూ నీళ్లు, మధ్యలో నలభై గడపలు.

లంకను ఆనుకుని ఉప్పుటేరు. ఉప్పుటేరు దాటితే ఒక ఇసుక మేట. మేటకు అవతల నది. నది దాటితే పట్నం. బియ్యం కావాలన్నా, మందు కావాలన్నా, పురుడు పోసే మంత్రసాని కావాలన్నా పట్నమే దిక్కు.

ఒకప్పుడు పడవ ఉప్పుటేరు నుంచి తిన్నగా నదిలోకి పోయేది. ఒక ఏడు పెద్ద వరద వచ్చి, ఇసుక కొట్టుకొచ్చి, ఆ దారి పూడిపోయింది. అప్పటినుంచి పడవను మేట మీదుగా ఈడ్చుకుపోయి అవతల నదిలో దించవలసి వచ్చింది. ఎక్కువ దూరమేమీ కాదు, మూడు వందల అడుగులు. నది వైపు ఇంకో పడవ కట్టి ఉంచుదామని లంకవాళ్లు రెండుసార్లు చూశారు. రెండుసార్లూ నీళ్లు ఎత్తుకుపోయాయి. నది దాటగలిగిన పడవ వాళ్లకు ఇక ఒక్కటే మిగిలింది.

దాన్ని నడిపేవాడు సింహాద్రి. మేట దగ్గరికి రాగానే ఎనిమిది మంది మగవాళ్లు పడవ కింద భుజాలు పెట్టి ఎత్తేవారు. ఒక వానాకాలం ఉదయాన ముందువాడి కాలు జారింది. పడవ పక్కకు ఒరిగి సింహాద్రి నడుము మీద పడింది. ప్రాణం దక్కింది గాని, అతను మళ్లీ తెడ్డు పట్టలేదు. మంచం మీద కూర్చుని చెక్కపని చేసుకునేవాడు.

తెడ్డు అతని భార్య నూకాలు పట్టింది. ఆమె చేతిలో పడవ చక్కగా నడిచింది. మేట దగ్గరే ఆమెకు మనసు చివుక్కుమనేది. భుజం పెట్టండని పిలవాలంటే నోరు వచ్చేది కాదు. పిలిస్తే వచ్చేవాళ్లు సింహాద్రి మంచం వైపు ఒకసారి చూసి మరీ వచ్చేవారు.

బైరాగి అనే ముసలాయన ఆ లంకకు పెద్ద. సింహాద్రి పడిన రోజున పడవ కింద ఉన్న ఎనిమిది మందిలో ఆయనా ఒకడు. ఇక ఏ మనిషీ ఆ బరువు కింద నలగకూడదని ఆయన పట్టుబట్టి పట్నం వెళ్లాడు. కేశవవర్మ మహారాజు కొలువులో నిలబడి తమ కష్టం చెప్పుకున్నాడు.

రాజు మెత్తని మనసున్నవాడు. తన శాలల్లో ఉన్న ఏ జంతువునైనా పడవ లాగడానికి తోలుకుపొమ్మన్నాడు.

మరునాడు బైరాగి నూకాలును వెంటబెట్టుకుని శాలలకు వెళ్లాడు. అక్కడి అధికారి ముందుగా ఒక ఏనుగును చూపించాడు. కోట తలుపుల దూలాలు మోసిన ఏనుగు అది. తరువాత ఒక జత ఎద్దులను చూపించాడు. వాటి మూపురాలు మనిషి తలకంటే ఎత్తుగా ఉన్నాయి.

నూకాలు చూపు మాత్రం బావి దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒక పొట్టి ఎద్దు, వీపుకు రెండు వైపులా తోలుతిత్తులతో, వంటశాలకు నీళ్లు మోస్తోంది. వీపు ఎత్తు నూకాలు నడుము దాకా కూడా లేదు. తడి రాళ్ల మీద ఒక్క గిట్ట కూడా జారకుండా అది మెట్లెక్కి దిగుతోంది.

ఆ ఎద్దును ఇస్తారా అని ఆమె అడిగింది. అధికారి నవ్వాడు. బైరాగి నవ్వలేదు.

"నూకాలమ్మా, ఆ పడవ బరువు ఎంతో నా భుజానికి తెలుసు. నీ పెనిమిటి పడిపోవడం ఈ కళ్లతో చూశాను. ఈ రాజ్యంలో అన్నిటికంటే పెద్ద బలం ఏదో దాన్నే మన ఇసుక మీదికి తీసుకుపోతాను," అన్నాడు.

నూకాలు బావి వైపు నుంచి చూపు తిప్పుకుంది. ఆ మాటలో ఉన్నది గొప్ప కాదు, భయమని ఆమెకు తెలిసింది.

అలా ఏనుగు మేట మీదికి వచ్చింది. లంకంతా చూడ్డానికి కదిలింది. తాడు కట్టగానే అది పడవను ఎండుటాకును లాగినట్టు లాగేసింది. అందరూ సంతోషించారు. కాని నీటి అంచుకు వచ్చేసరికి దాని ముందు కాళ్లు మోకాళ్ల దాకా బురదలో దిగిపోయాయి. అది బెదిరి ఒక్క ఊపున కాళ్లు పీక్కుంది. ఆ ఊపుకు తాడు బిగిసి పడవ ముక్కు దగ్గరి పలక ఊడి వచ్చింది. ఒడ్డు కూడా బండి పట్టేంత మేర విరిగి నదిలో కలిసింది. పైగా నాలుగు రోజుల్లో అది లంకలో ఉన్న పచ్చి మట్టలన్నీ మేసేసింది. పాపం, దానికీ అక్కడ సుఖం లేదు. మావటి దాన్ని సముదాయించి కోటకు తోలుకుపోయాడు.

సింహాద్రి మంచం మీద కూర్చునే పలకను బాగుచేశాడు.

బైరాగి ఈసారి ఎద్దుల జతను తెచ్చాడు. అవి ఏనుగులా బెదరలేదు. ఎత్తు మీదికి చక్కగా లాగాయి. అయితే మేట మీద మొగలి పొదల మధ్య ఉన్నది కాలిబాట. రెండు పెద్ద ఎద్దులు పక్కపక్కన నడిచేందుకు చోటు లేదు. ముళ్లు గీరుకుని వాటి డొక్కల నుంచి రక్తం కారింది. నది వైపు వాలులో అవి బరువు తట్టుకోలేక పరుగందుకున్నాయి. వెనక పడవ, ముందు ఎద్దులు, అన్నీ కలిసి నీళ్లలో పడ్డాయి. తాళ్లు కోసి వాటిని బయటికి తీసేసరికి అందరికీ తలప్రాణం తోకకు వచ్చింది.

ఆ సాయంత్రం బైరాగి నూకాలు గుమ్మం ముందు కూలబడ్డాడు.

"రెండుసార్లు నేను ఎంచాను. రెండుసార్లూ బలాన్నే చూశాను, బాటను చూడలేదు. ఈసారి నువ్వు ఎంచు తల్లీ," అన్నాడు.

నూకాలు వెంటనే కోటకు పరుగెత్తలేదు. ముందు మేట మీద అటూ ఇటూ నడిచింది. ఎక్కడ ఇసుక గట్టిగా ఉందో, ఎక్కడ కాలు దిగబడుతోందో చూసుకుంది. ఆ తరువాత పడవలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే దించింది. లంగరు రాయి, తెడ్లు, తెరచాప, తాళ్లు, వలలు, నీళ్ల కుండ. అన్నీ దించాక పడవ పక్కను చేత్తో పట్టి ఊపి చూసింది. అది కదిలింది.

ఇంటికి వచ్చి భర్తతో చెప్పింది. ఇన్నాళ్లూ పడవతోపాటు పడవలోని సామానునూ మోశామని, పడవ ఒక్కటే అయితే అంత బరువు కాదని. భుజాల మీదికి ఎత్తే పని లేకుండా చక్రాల మీద పెడితే ఒక చిన్న జంతువు చాలునని.

సింహాద్రి ముఖం చాలా కాలం తరువాత వెలిగింది. పది రోజులు కూర్చుని ఒక పొట్టి బండి చేశాడు. ఇసుకలో దిగబడకుండా దాని చక్రాలను జానెడు వెడల్పు చేశాడు. బండిని నీళ్లలోకి నెట్టి, పడవను తేలుతుండగానే దాని మీదికి తెచ్చి, కట్టేసి బయటికి లాగాలి. ఎవరి భుజం మీదా బరువు పడదు.

రాజుగారి వంటశాలకు నీళ్లు మోసే పొట్టి ఎద్దు లంకకు వచ్చింది. దాన్ని చూసి లంకలో కొందరు చిన్నబుచ్చుకున్నారు. రాజు ఏనుగునిస్తే మనం దూడను తెచ్చుకున్నామని గొణిగారు.

నూకాలు నీటి అంచున తాటాకులు పరిచింది. ఎద్దు వాటి మీద అడుగు పెట్టింది, దిగబడలేదు. ఒడ్డు ఎక్కే పది అడుగులూ ఇద్దరు మనుషులు వెనక నుంచి చెయ్యి వేశారు. పొదల మధ్య అది ఒక్కటే కాబట్టి ఇరుకు లేకుండా నడిచింది. నది వైపు వాలు రాగానే నూకాలు దాన్ని విప్పి బండి వెనకకు కట్టింది. అది వెనక్కి పట్టి నిలబడుతుంటే, బండి మెల్లగా, ముసలమ్మ మెట్లు దిగినట్టు, నదిలోకి దిగింది.

అలా నెలలు గడిచాయి.

శ్రావణమాసంలో ఒక ఉదయం, ముసురు పట్టి ఉండగా, బైరాగి కోడలు పైడితల్లికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. లంకలోని ముసలమ్మలు చూసి, బిడ్డ అడ్డం తిరిగిందని, పట్నంలోని మంత్రసాని చెయ్యి తప్ప మరో చెయ్యి పనికిరాదని చెప్పారు.

ఆమెను పడవలో పడుకోబెట్టి, ఒక నులక మంచం కూడా వేసుకుని ఉప్పుటేరు దాటారు. మేట దగ్గరికి వచ్చేసరికి వాన పెరిగింది. బైరాగి పడవ అంచు పట్టుకున్నాడు. పైడితల్లిని దించవద్దని, ఆమెతోపాటు తామూ పడవలోనే కూర్చుంటామని, ఎద్దును గట్టిగా తోలమని ఆయన బతిమాలాడు. ఆమెను దించి మళ్లీ ఎక్కించే వేళ కూడా లేదన్నాడు.

నూకాలు పైడితల్లి తల నిమిరింది. తరువాత ముసలాయన వైపు తిరిగింది.

"పెద్దయ్యా, ఈ ఎద్దు ఖాళీ పడవను మూడు వందల అడుగులు లాగుతుంది. అంతే లాగుతుంది. తడి ఇసుకలో ఇంకో నలుగురి బరువు వేస్తే సగం దారిలో కూలిపోతుంది. అప్పుడు మనకు ఎద్దూ ఉండదు, పడవా ఉండదు. నా మాట విను."

బైరాగి కళ్లు మూసుకుని తల ఊపాడు.

పైడితల్లిని నులక మంచం మీద పడుకోబెట్టి, పైన తాటాకు గొడుగు కట్టి, నలుగురు మోస్తూ ముందు నడిచారు. మిగిలినవాళ్లు రాయినీ తెడ్లనూ తాళ్లనూ తలా ఒకటి పట్టుకున్నారు. ఎద్దు ఖాళీ పడవను లాగింది. చక్రాలు తడి ఇసుకలో మూలిగాయి. నూట యాభై అడుగులు నడిచి అది ఆగిపోయింది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

బైరాగి పక్కనున్న కర్ర ఎత్తాడు. కోపంతో కాదు, భయంతో. నూకాలు ఆ కర్రను మెల్లగా పట్టుకుని కిందికి దించింది. ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. మంచం మీద పైడితల్లి మూలుగు వినిపిస్తోంది.  అయినా నూకాలు ఇరవై దాకా లెక్కపెట్టింది. తొందరపెట్టలేదు.

ఇరవై అయ్యేసరికి ఎద్దు తల విదిలించి తనంతట తానే కదిలింది. మళ్లీ ఆగలేదు. పడవ నదిలోకి దిగింది. మంచం పడవలోకి చేరింది. నూకాలు ఒక తెడ్డు, బైరాగి ఒక తెడ్డు వేశారు.

మధ్యాహ్నం కాకముందే పట్నంలో మంత్రసాని చేతిలో ఆడబిడ్డ ఏడ్చింది. తల్లి కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. బైరాగి బయట అరుగు మీద కూర్చుని, ఎవరు చూస్తున్నారన్నది కూడా పట్టించుకోకుండా, కండువాతో ముఖం కప్పుకుని ఏడ్చాడు.

ఈ సంగతి కేశవవర్మ మహారాజు చెవిన పడింది. తన వంటశాలలో నీళ్లు మోసిన ఎద్దు ఇంత పని చేసిందా అని ఆయన స్వయంగా మేట మీదికి వచ్చాడు. ఎద్దు నుదుట తన చేత్తో కుంకుమ పెట్టాడు. ఆ ఎద్దు చేతనే పడవను పట్నం రేవు నుంచి కోటదాకా లాగించి, మూడు క్రోసుల దారి పొడవునా ఊరేగిస్తానని, అందరూ దాని బలం చూడాలని చెప్పాడు.

లంకవాళ్ల ముఖాలు విప్పారాయి. నూకాలు మాత్రం చేతులు జోడించి వద్దని మనవి చేసుకుంది. రాజుకు ఆశ్చర్యం వేసింది. ఈ ఎద్దును ఎంచింది నువ్వే కదా, దాని మీద నీకే నమ్మకం లేదా అని అడిగాడు.

"నమ్మకం ఉంది ప్రభూ. మూడు వందల అడుగుల మీద ఉంది. మూడు క్రోసులు దీని పని కాదు, అంత దూరం లాగిస్తే చచ్చిపోతుంది. అంత దూరానికి మీ ఏనుగే కావాలి. ఆ రోజు తప్పు ఏనుగుది కాదు. మాకు కావలసింది ఇంతే అని మేం తెలుసుకోలేకపోయాం."

రాజు ఎద్దు మెడ నిమిరాడు. తరువాత, తన కొలువులో ఎవరికి ఎంత పని చెప్పాలో తెలియక తాను కూడా మంచి మనుషులను కొందరిని పోగొట్టుకున్నానని నెమ్మదిగా అన్నాడు. ఊరేగింపు మాట మానేశాడు. ఎద్దుకు మేతగా నది ఒడ్డున గడ్డి నేల రాసిచ్చాడు. సింహాద్రి చేసిన బండిని చూసి, అలాంటివే మరో నాలుగు తన రేవులకు చేసిపెట్టమని అడిగాడు.

ఆ ఎద్దు మొగలిలంకలో పద్నాలుగేళ్లు బతికింది. రోజూ మూడు వందల అడుగులు పోతూ, మూడు వందల అడుగులు వస్తూ, ఒక్కనాడూ మోకాలు మోపలేదు. ఆ పద్నాలుగేళ్లలో ఆ మేట మీద ఏ మనిషి నడుమూ విరగలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్ద బలాన్ని కోరుకునే ముందు పని ఎంతో కొలుచుకోవాలి. చిన్న బలాన్ని తోడు తెచ్చుకున్నాక దాని హద్దును మన్నించాలి.