నయరా పోసిన నీళ్ళు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మన ముత్తాతల ముత్తాతలకి కూడా తెలియని కాలం. ఇశ్రాయేలు దేశంలో, రాళ్ళ కొండ మీద ఒక ఊరు. ఆ ఊరి చివర గుడిసెలో నయరా అనే విధవరాలు ఉండేది. పొలాల మూలల్లో కోయకుండా వదిలిన యవలు ఏరుకుని బతికేది. ఆ మూలలు పేదలకి వదలమని దేవుడి ఆజ్ఞ. వదిలేవాళ్ళు మాత్రం తమ సొంత ఆస్తి దానం చేసినట్టు ముఖం పెట్టేవాళ్ళు!

ఒక సాయంత్రం ఒక బాటసారి నయరా తలుపు తట్టాడు. టక్, టక్, టక్.

"అమ్మా, ఇంత రొట్టె పెట్టు. కొండ మలుపు దాటేదాకా ఎవరైనా తోడు రండి."

ఇంట్లో ఉన్నది ఒక్కటే రొట్టె. నయరా తలుపు సందులోంచి చూసి, తియ్యకుండా ఊపిరి బిగబట్టి కూర్చుంది. అతను ఊరి పెద్దల్లో ఒకడైన ఎలాదా తలుపు తట్టాడు. తియ్యలేదు. పెద్దలందరికీ పెద్ద హషబ్యా తలుపు తట్టాడు. కిటికీ తెరుచుకుంది, మూసుకుంది.

తెల్లారి అతని శవం కొండ మలుపులో దొరికింది. చంపిందెవరో తెలియదు. ధర్మశాస్త్రంలో ఉన్నట్టే చుట్టుపక్కల ఊళ్ళకి దూరం కొలిచారు. అన్నిటికన్నా దగ్గర ఈ ఊరే. కాబట్టి ఈ ఊరి పెద్దలే కాడి మొయ్యని పెయ్యని వాగు పారే లోయకి తోలుకెళ్ళి, మెడ విరిచి, దాని మీద చేతులు కడుక్కుని, అతన్ని చంపలేదనీ, చూసి కూడా దిక్కులేకుండా వదిలెయ్యలేదనీ ప్రమాణం చెయ్యాలి. ప్రమాణం అబద్ధమైతే ఆ నెత్తురు ఊరంతటి మీదా ఉంటుంది.

నీళ్ళు పొయ్యడానికి నయరాని పిలిచారు. పెయ్య మెడ విరిచారు. మిట్టమధ్యాహ్నం.

"మా చేతులు ఈ నెత్తురు చిందించలేదు, మా కళ్ళు చూడలేదు" అన్నాడు హషబ్యా.

నయరా నీళ్ళు పోసింది. ఒక్కరి చేతులూ తడవలేదు. నేల కిందినించి చప్పుడు. టక్, టక్, టక్.

"మళ్ళీ పొయ్యవే!" అని అరిచాడు హషబ్యా.

మళ్ళీ ప్రమాణం, మళ్ళీ నీళ్ళు. వాగు పారుతూనే ఉంది గానీ దాని గలగల ఆగిపోయింది. టక్, టక్, టక్. ఈసారి సరిగ్గా వాళ్ళ పాదాల కిందే.

నయరా కడవ దించేసింది.

"అయ్యా, నేను అతన్ని చూశాను. మొదట తట్టింది నా తలుపే. నేను తియ్యలేదు."

"నోరు ముయ్యి! ఇంకోసారి నా పొలం మూలకి ఎలా వస్తావో చూస్తాను" అన్నాడు హషబ్యా.

"రానులెండి. ఆకలికి ఒకసారి భయపడ్డాను, ఒక మనిషి పోయాడు."

ఎలాదా ఘొల్లుమన్నాడు. "నేనూ తియ్యలేదయ్యా! మన ఊరే అతన్ని ఒంటరిగా పంపేసింది."

మిగిలిన పెద్దలూ తలలు దించుకుని అదే మాట అన్నారు. నయరా మూడోసారి నీళ్ళు పోసింది. అందరి చేతులూ తడిశాయి. వాగు మళ్ళీ గలగలమంది. హషబ్యా చేతులు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"నేను చూడలేదు" అన్నాడు మొండిగా.

ఆ రోజు నించి ఏ నీళ్ళూ అతని చేతుల్ని అంటలేదు. దోసిలి పడితే జారిపోయేవి. ఇంట్లోవాళ్ళు భయపడి దగ్గరికి రావడం మానేశారు. నయరాయే వెళ్ళి నోట్లో నీళ్ళు పోసేది.

"నా మీద జాలా?" అన్నాడొకనాడు.

"జాలి కాదయ్యా, భయం. అవతల మనిషికి దాహమని తెలిసీ ఇంట్లో ఎలా కూర్చోను?"

హషబ్యా తన పొడి చేతుల వైపు చూసుకున్నాడు. "కిటికీ తీసి అతని ముఖం చూశానే, నయరా" అన్నాడు చివరికి. గడ్డం మీంచి జారిన నీటి చుక్క అరచేతిలో పడి నిలిచింది. పాపం, ఆ పూట తాగిందే అతని చివరి గుక్క.

నయరా బతికినన్నాళ్ళూ ఏ బాటసారినీ ఒంటరిగా పోనివ్వలేదు. ఆమె పోయాక ఆ మలుపులోనే పాతిపెట్టారు. ఇప్పటికీ ఆ ఊళ్ళో అతిథిని గుమ్మంలోనే సాగనంపి ఊరుకోరు. మలుపు దాకా నడిచి, "నయరమ్మా, ఇక్కణ్ణించి నువ్వు" అంటారు. వెళ్ళేది ఒక్కడే. వాళ్ళు వెనక్కి తిరిగి ఇంటికి నడుస్తుంటే, అటువైపు ఇద్దరి అడుగుల చప్పుడు వినిపిస్తుంది.