గుంజలు జరిపిన దయ్యం

పండూ, కాలు తియ్యరా, చెల్లి మీద వేశావు. స్వరూపా, నువ్వు ఊ కొట్టు. వాణ్ణి నమ్ముకుంటే సగం కథలోనే గుర్రు పెడతాడు. ఇందాక పాలు తాగమంటే పెరట్లోకి ఎలా జారుకున్నాడో చూశాలే. ఆ జారుకోవడం ఉంది చూశారూ, ఇవాళ్టి కథ దాని గురించే.

అనగనగా గోదారి ఒడ్డున రెల్లుపాడని ఒక ఊరుండేది. పదిహేనంటే పదిహేనే ఇళ్ళు. ఊరికీ గోదారికీ మధ్య ఒక మట్టి గట్టు. గట్టుంటే ఊరుంది, గట్టు పోతే ఊరు పోయింది. అందుకని ఎప్పటివాళ్ళో పెద్దలు ఆ గట్టుని ఇంటికి పన్నెండు బారల చొప్పున పంచిపెట్టారు. బారంటే ఏంటో తెలుసా? రెండు చేతులూ ఇదిగో ఇలా చాపితే ఎంతో అంత. ఒకరి వంతు అయిపోయినచోట ఒక చెక్క గుంజ పాతారు. ఏటా వానలకి ముందు ఎవరి వంతు మీద వాళ్ళు మట్టి పోసుకోవాలి. పోసినందుకు ఆ వంతు మీద గడ్డి వాళ్ళ గేదెలకే, అక్కడ పాకిన ఆనపకాయలు వాళ్ళ కూరకే. బాగుందా? బాగుంటే ఊ కొట్టాలి మరి.

బాగానే ఉంది గానీ, ఆ ఊళ్ళో మగాళ్ళకి మట్టి తట్ట అంటే ఒళ్ళు మంట. మొదటింటి అబ్బులు పని ఎగ్గొట్టేవాడు. గట్టు పని అనగానే నడుం పట్టేసిందని మంచమెక్కేవాడు. రెండో ఇంటి సూరన్న వచ్చేవాడే, వచ్చి ఒక్క తట్ట పోసి, చుట్ట వెలిగించుకొస్తానని చల్లగా జారుకునేవాడు. ఇంకొకాయన అసలు కంటబడకుండా మొహం చాటేసేవాడు. ఇంకొకాయన అత్తారింటికి ఉడాయించేవాడు. ఊరిపెద్దని అడిగితే, ఈ ఏడు మామిడి కాపు బాగుందర్రా అని మాట దాటేసేవాడు. చూశారా, ఒక్క పని చెయ్యకుండా ఉండటానికి ఎన్ని మాటలు కావాలో! చెయ్యడానికి ఒక్క మాట చాలు.

అదీ చాల్లేదు వాళ్ళకి. ఒక ఏడు అబ్బులు తన గుంజ పీకి ఒక బార ఇవతలకి పాతాడు. తన పని తగ్గింది, సూరన్న పని పెరిగింది. సూరన్న ఊరుకుంటాడా? తన గుంజని రెండు బారలు జరిపాడు. మూడో ఇంటాయన మూడు, నాలుగో ఇంటాయన నాలుగు. నాలుగేళ్ళు అలా జరుపుకుంటూ పోయేసరికి అందరి వంతూ ఎనిమిది బారలకి వచ్చింది. చివరింటాయన కూడా ఇక్కడితో నా వంతు సరి అని ఓ గుంజ పాతేసుకున్నాడు. కొసన అరవై బారల గట్టు ఎవరిదీ కాకుండా పోయింది. ఎవరిదీ కాదు గనక అందరి గేదెలూ అక్కడే మేశాయి, తొక్కాయి. గట్టు మోకాలెత్తుకి దిగిపోయింది.

గుంజలెలా జరిగాయయ్యా అని ఎవరైనా అడిగితే, రెల్లు దుబ్బుల్లో దయ్యముంది, అది జరుపుతోంది అనేవాళ్ళు. మొహాలు చూడాలి! ఒక్కడు నవ్వితే ఒట్టు.

ఆ ఊరికి, అబ్బులు కొడుకు గంగరాజుకి పెళ్ళామై వచ్చింది మంగతాయి. పుట్టిల్లెక్కడమ్మా అంటే గోదారి వైపు చూపించేది పిచ్చిపిల్ల. తొమ్మిదేళ్ళప్పుడు గోదారి మధ్యలో ఉన్న వాళ్ళ లంకకి వరదొచ్చి ఊరంతా కొట్టుకుపోయింది. తల్లీ తనూ పడవెక్కి తప్పించుకున్నారు. తరవాత మేనమామ ఇంట్లో పెరిగింది. ఊ కొడుతున్నారా? ఊ.

కొత్త కోడలు తమ వంతు మీద తొలి తట్ట మట్టి పొయ్యడం అక్కడి ఆనవాయితీ. పసుపు రాసిన తట్ట నెత్తిన పెట్టి అత్త వీరాయమ్మ తీసుకెళ్ళింది. మన వంతెంత అత్తయ్యా అంటే పన్నెండు బారలంది. మంగతాయి తట్ట కుమ్మరించి, చేతులు చాపి కొలుచుకుంటూ వెళ్ళింది. ఎనిమిదికే గుంజ తగిలింది. మిగతా నాలుగూ ఏవంటే, దయ్యం జరిపిందే అమ్మా అని అత్త రెల్లు వైపు దణ్ణం పెట్టింది.

మంగతాయి అక్కడితో ఆగలేదు. గట్టు కొస దాకా నడిచింది. మోకాలెత్తు గట్టునీ, దాని పక్కనే పారుతున్న గోదారినీ చూసింది. ఎంత భయమేసిందో అంత కోపమొచ్చింది. ఈ ఊరు కూడా పోనివ్వను గాక పోనివ్వను అనుకుంది.

ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. అది మాది కాదన్నారు పదిహేనిళ్ళవాళ్ళూ. మొగుణ్ణడిగింది. నాదేముంది, నాన్న ఎలా చెబితే అలాగ అని గంగరాజు పక్కకి తప్పుకున్నాడు.

అప్పుడేం చేసిందో తెలుసా? మర్నాడు ఎండ చురచురలాడుతుండగా, అందరూ చూస్తుండగా, పలుగు పుచ్చుకెళ్ళి తమ గుంజ పీకి, నాలుగు బారలు అవతల పాతేసింది. సూరన్న పెళ్ళాం అచ్చియ్యమ్మ ఆనపపాదు ఆ నాలుగు బారల్లోకి వచ్చేసింది. లేత కాయలర్రా, చేరెడేసి!

అచ్చియ్యమ్మ కొంగు బిగించి వచ్చింది. "ఎవత్తె జరిపింది మా గుంజ?"

"దయ్యం పిన్నిగారూ," అంది మంగతాయి, తట్ట దించకుండా. "ఇన్నాళ్ళూ అటు జరిపింది, ఇవాళ ఇటు జరిపింది."

"నా కళ్ళతో నేను చూశానే, నువ్వే కదుటే!"

"అయ్యో, గుంజలు మనుషులు జరుపుతారా? మరి ఇన్నాళ్ళూ జరిపిందెవరంటారు?"

అచ్చియ్యమ్మ ఏమంటుంది? దయ్యం లేదంటే దొంగతనం బయటపడుతుంది. ఉందంటే ఆనపకాయలు పోతాయి. మంగతాయి మెల్లిగా, దయ్యం మీ గుంజ దగ్గరికి కూడా వస్తుందేమో చూసుకోండి పిన్నిగారూ అంది.

ఇంకేం! అచ్చియ్యమ్మ గుంజ ఎనిమిది బారలు జరిగింది. మూడో ఇంటి గుంజ పన్నెండు జరిగింది. నాలుగో ఇంటిది పదహారు. అయిదో ఇంటిది ఇరవై. ఆనపకాయల కోసం ఒకరు, గడ్డి కోసం ఒకరు, మాట పడలేక ఒకరు. పదో ఇంటిది నలభై, చివరింటిది అరవై! ఎవరిదీ కాని గట్టు ఒక్క బార కూడా మిగల్లేదు. ఇక ఎవరి వంతు మీద వాళ్ళు మట్టి పొయ్యక తప్పలేదు. ఊరిపెద్ద మళ్ళీ మామిడి కాపు ఎత్తుకోబోతే, పెళ్ళామే తట్ట తెచ్చి చేతిలో పెట్టింది.

గంగరాజు రెండ్రోజులు పక్కనే నిలబడి చూశాడు. మూడోనాడు పలుగందుకున్నాడు.

పని పూర్తయిన పదోరోజున వరదొచ్చింది. ఎర్రనీళ్ళు, కొట్టుకొస్తున్న చెట్లు. మధ్యాహ్నానికి నీళ్ళు గట్టంచుకి మూరెడు దూరంలో ఉన్నాయి. కొసన కొత్తమట్టి దగ్గర చెమ్మ ఊరుతోంది. మెట్ట మీదికి పోదాం పదండర్రా అని ఎవరో అరిచారు. అత్త మంగతాయి చెయ్యి పట్టుకుని లాగింది.

మంగతాయి చెయ్యి విడిపించుకుంది. "ఒకసారి తప్పించుకున్నాను అత్తయ్యా. ప్రాణం దక్కింది గానీ ఊరు లేనిదాన్నయ్యాను. మళ్ళీ తప్పించుకోను."

అని వెళ్ళి ఆ చెమ్మ మీద తట్ట కుమ్మరించింది. వీరాయమ్మ చీర ఎగదోపి తనూ తట్టెత్తింది. ఆ వెనకాల నడుం పట్టేసిన అబ్బులు గడ్డిమోపు మోసుకొచ్చాడు. సూరన్న వచ్చాడు, చుట్ట మాటే ఎత్తలేదు. మొహం చాటేసేవాడూ వచ్చాడు. ఎవరి వంతో ఎవరూ అడగలేదు. పొద్దుగూకేదాకా పోశారు, తొక్కారు, పోశారు. అప్పుడు గోదారి జానెడు తగ్గింది. ఇంకో జానెడు తగ్గింది. ఊరు గట్టెక్కింది.

నీళ్ళు పూర్తిగా తీశాక ఊరివాళ్ళంతా మంగతాయిని పీట మీద కూర్చోబెట్టారు. అచ్చియ్యమ్మ చీరా రవికెగుడ్డా, పసుపూ కుంకుమా తెచ్చి ఒళ్ళో పెట్టింది. కోడలికి పెట్టేలా కాదర్రా, పుట్టింటికొచ్చిన ఆడపిల్లకి పెట్టేలా పెట్టింది. ఇవాళ్టి నించి నువ్వీ ఊరి ఆడపడుచువే అంది. గోదారిలో ఊరు పోయిన పిల్లకి అన్నాళ్ళకి పుట్టిల్లు దొరికింది. వరదకి బెదరని మనిషి, ఆ పీట మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

అందుకని చెబుతున్నా. తప్పించుకుంటే మనమొక్కళ్ళమే మిగులుతాం. నిలబడితే నలుగురం మిగులుతాం. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి. ఒరే పండూ, గుర్రు దొంగగుర్రని నాకు తెలుసులే. లేచి పాలు తాగు.