పొట్టికాళ్లూ గులాబీ తురాయీ ఒకే దారాన

ఒకప్పుడు పోలికలన్నీ విడి పూసలు. కంటికో పూస, కూతకో పూస, కాలికో పూస. గుడ్లు పెట్టే రోజు రాగానే తల్లీ తండ్రీ తమ పూసలన్నీ ఒక ముంతలో పోసేవి. మొదటి గుడ్డు కావలసినవన్నీ ఊడ్చుకునేది. చివరి గుడ్డుకు అడుగున ఏది మిగిలితే అదే.

ఇదెక్కడి న్యాయం? ముందు పుట్టడం ఏమైనా గొప్ప పనా?

పొడల కోడి అనే పెట్టకు మూడు విడతలుగా చివరి పిల్ల కాళ్లు లేకుండానే పుట్టింది. మూడింటినీ గద్ద తన్నుకుపోయింది. మళ్లీ గుడ్లు పెట్టే రోజు వచ్చేసరికి అది పూసలమ్మే ఈదమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“ఈదమ్మత్తా! ఈసారైనా నా చివరి పిల్లకు కాళ్లుండాలి.”

ఈదమ్మ గంప దించింది. “విడి పూసలు ఎవరి చేతికి చిక్కితే వాళ్లవేనే, పిచ్చిదానా. దండ గుచ్చాలి. మీ ఆయన్నీ పిలువు.”

పెట్టకు రెండు దండలు, పుంజుకు రెండు దండలు గుచ్చింది. దారం తెగినా పూసలు జారిపోకుండా పూసకూ పూసకూ మధ్య ముడి వేసింది.

“ప్రతి గుడ్డుకూ నీ దండల్లో ఒకటి, మీ ఆయన దండల్లో ఒకటి. కళ్లు మూసుకుని తియ్యండి. ఆ వరస చూసి అచ్చం అలాంటిదే గుచ్చి, కొత్తది గుడ్డుకివ్వండి. పదో గుడ్డుకైనా తరగదు.”

పుంజు తన దండ చూసుకుని ఎగిరిపడింది. “ఏమమ్మో! నా నెత్తిమీది గులాబీ పువ్వులాంటి తురాయి పూస పక్కనే పొట్టికాళ్ల పూస గుచ్చావేం?”

“రెండూ నీవేగా!” అంది పెట్ట, నవ్వాపుకుంటూ.

ఈదమ్మ నాలుక కరుచుకుంది. రంగు చూసి జత చేయడం పూసలవాళ్ల అలవాటు. రెండూ ఎర్రవే. చెయ్యి దానంతటదే పక్కపక్కన చేర్చేసింది.

“విప్పు! తురాయి చాలు. పొట్టికాళ్లు నా పిల్లలకెందుకు?”

“ముడులన్నీ విప్పేసరికి పొద్దు గూకుతుందయ్యా.”

పెట్టకు అప్పటికే నొప్పులు మొదలయ్యాయి.

“అయితే ఈ విడతకు మళ్లీ ముంతలోనే పోద్దాం” అంది పుంజు.

పెట్ట ఒక్క తన్ను తన్నింది. ముంత పగిలింది. “పోస్తే నా చివరిది మళ్లీ గద్దకేగా? పొట్టివైతే ఏం? కాళ్లంటూ ఉంటాయి!”

దండలు చూసే గుడ్లు పెట్టింది. పిల్లలు లేచాయి, ఈదమ్మ చూడవచ్చింది. ఒక్కదానికీ తల్లి పొడలు రాలేదు. “పోయాయా అత్తా?” అని పెట్ట బెంగపడింది.

“పోవు తల్లీ. నీ పూస, మీ ఆయన పూస, రెండింట్లో గట్టిది పైకి కనిపిస్తుంది. నెమ్మదైనది లోపల దాక్కుంటుంది. నీ మనవల్లో చూడు.”

గులాబీ తురాయి పిల్లలకు పొట్టికాళ్లు. మామూలు తురాయి పిల్లలకు పొడుగు కాళ్లు. ఒక్క పిల్లకు మాత్రం గులాబీ తురాయీ, పొడుగు కాళ్లూ వచ్చాయి. “ఇదెలా?” అంది పుంజు.

“నీ రెండో దండలో ఉన్నవి మామూలు తురాయీ పొడుగు కాళ్లూ. ఒక్కోసారి నీ రెండు దండలూ మెలిపడి, తెగి, దీని ముక్క దానికి అతుక్కుంటుంది. ఒకే దండలో దూరంగా ఉన్న పూసలు తరచూ విడిపోతాయి. పక్కపక్కవి ఎప్పుడో గానీ విడిపోవు.”

ఇంతలో గద్ద నీడ పడింది. పిల్లలన్నీ తల్లి రెక్కల కిందికి ఉరికాయి. చివరి పిల్లవి పొట్టికాళ్లు. గునగునా పరుగెత్తింది, పడింది, లేచింది. గద్ద గోళ్లకు ఒక్క ఈక దొరికింది. పిల్ల రెక్క కిందికి దూరింది.

“పొట్టోడా, ఆ నడకేంట్రా!” అని అన్న ఒకడు వెక్కిరించాడు.

పుంజు మెడ నిక్కించింది. “నోర్ముయ్! ఆ దండ వాడు ఏరుకున్నాడా? నీ పొడుగు కాళ్లు నువ్వు సంపాదించుకున్నావా?”

అప్పటినుంచే ప్రతి పిల్లా తల్లి నుంచి ఒక వరస, తండ్రి నుంచి ఒక వరస తెచ్చుకుంటుంది. అప్పటినుంచే కొన్ని పోలికలు జంట వదలకుండా తరాలు దాటుతున్నాయి. కొన్ని జాతి కోళ్లలో ఈనాటికీ చాలావరకు గులాబీ తురాయి ఉన్నది పొట్టికాళ్ల మీదే నడిచి వస్తుంది. అలా నడిచినా, చేరాల్సిన చోటికి చేరుతుంది.